యాప్‌లో కనిపించే సంపాదన వేరు, చేతిలో మిగిలేది వేరు: డెలివరీ పని మీద పరిశోధన ఎలా చేయాలి

డిజర్టేషన్ల సీజన్ రాగానే నాకొచ్చే మెసేజ్‌లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. "మేడమ్, గిగ్ వర్కర్ల మీద చేద్దామనుకుంటున్నా, క్వశ్చనేర్ రెడీ అయింది, ఒకసారి చూస్తారా?" (గిగ్ వర్కర్లంటే నెల జీతం లేకుండా, ఆర్డరుకో ట్రిప్పుకో ఇంత అని పనిచేసేవాళ్లు.) తెరిచి చూస్తే పేరు, వయసు, కులం, చదువు, ఆ తర్వాత ఆరో ప్రశ్నో ఏడో ప్రశ్నో తప్పకుండా ఇది: "నెలకు మీ ఆదాయం ఎంత?" కింద నాలుగు డబ్బాలు. పదివేల లోపు, పది నుంచి ఇరవై, ఇరవై నుంచి ముప్పై, ఆ పైన.

ముందు ఆ ప్రశ్న కొట్టేయండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

నేనూ మొదట్లో అదే అడిగాను కాబట్టి చెప్తున్నా. కొండాపూర్‌లో వరసగా కిచెన్లున్న ఒక గల్లీ ముందు, మధ్యాహ్నం మూడు దాటాక, లంచ్ ఆర్డర్లు తగ్గి అందరూ బండ్ల మీద అడ్డంగా కూర్చుని ఫోన్లు చూసుకునే టైమ్‌లో. అందరిదీ ఒకటే మాట: "ఇరవై, ఇరవై అయిదు వస్తయ్ అక్కా." ఎంత చక్కగా ఒకే అంకె చెప్తున్నారో అని సంతోషంగా రాసుకుంటూ పోయాను. చివరికి ఒకబ్బాయిని మాటవరసకి అడిగాను, అది పెట్రోల్ తీసేసాకేనా అని. పక్కవాడి వైపు చూసి నవ్వాడు. "పెట్రోల్ తీసెయ్యాల్నా? తీసేస్తే ఇంకేమున్నది అక్కా!" ఆ రోజు రాసుకున్న ఫారాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి, ఒక్కటీ వాడలేదు.

వాళ్లు అబద్ధం చెప్పలేదు. వారానికోసారి యాప్‌లో కనిపించే పెద్ద అంకెను నాలుగుతో గుణించి చెప్పారంతే. ఆ అంకె కంపెనీ పుస్తకంలో లెక్క. బండి, పెట్రోల్, ఎండలో ఎదురుచూసిన గంటలు ఆ పుస్తకంలోకి రావు. ఈ పని మీద చేసే పరిశోధనంతా ఆ రెండు లెక్కల మధ్య తేడాలోనే ఉందని నా నమ్మకం, అందుకే ఇక్కడ ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

టాపిక్ చిన్నది చేసుకోండి

"ఆటోమేషన్, డిజిటల్ ప్లాట్‌ఫామ్‌లు కార్మికులపై చూపే ప్రభావం" అనేది టాపిక్ కాదు, సెమినార్ బ్యానర్. ఒక ఊరు, ఒక రకం పని, ఒక ప్రశ్న. "కూకట్‌పల్లిలో ఫుడ్ డెలివరీ చేసేవాళ్లకు గంటకు ఖర్చులు పోను ఎంత మిగులుతుంది" అంటే టాపిక్. "యాప్‌లో ఐడీ బ్లాక్ అయి పని ఆగినవాళ్లు మళ్లీ తెరిపించుకోడానికి ఎవరెవరి దగ్గరికి వెళ్తారు" అన్నా టాపిక్కే. డార్క్ స్టోర్లో, అంటే కస్టమర్లు రాని, యాప్ ఆర్డర్ల కోసమే ఉన్న గోడౌన్లో, సామాన్లు ఏరి ప్యాక్ చేసే అమ్మాయిల మీద చేస్తే ఇంకా మంచిది, బయట బండి మీద కనిపించేవాళ్ల గురించి అందరూ రాస్తారు, షటర్ లోపల ఉన్నవాళ్ల గురించి రాసేవాళ్లు తక్కువ.

బయటికి వెళ్లే ముందు ఉన్న అంకెల సంగతి కొంచెం తెలుసుకోవాలి. దేశంలో గిగ్ వర్కర్లు ఇంతమంది అని ప్రతి వ్యాసం మొదటి పేరాలో ఉండే 77 లక్షలు అన్న సంఖ్య 2022 జూన్‌లో వచ్చిన నీతి ఆయోగ్ నివేదికది, 2020-21కి సంబంధించినది, 2029-30 నాటికి 2.35 కోట్లు అవుతుందని కూడా అందులోనే ఉంది. వాడుకోండి, కానీ ఎవరూ ఇంటింటికీ వెళ్లి తలలు లెక్కపెట్టలేదని గుర్తుంచుకుని వాడండి. పాత ఉపాధి సర్వేలు తీసుకుని, ఏ రంగం, ఏ పని, పట్టణమా, ఫోనుందా, బ్యాంకు ఖాతా ఉందా లాంటి షరతులు పెట్టి వడగట్టిన అంచనా అది. మన దేశంలో ఉపాధికి పెద్ద సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్ (పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే), 2017-18 నుంచి నడుస్తోంది. అందులో ఒక్కో రంగానికి ఒక్కో కోడ్ నంబరు ఉంటుంది. డెలివరీ చేసేవాడు కొరియర్ల కోడ్ 53లో పడొచ్చు, క్యాబ్ డ్రైవర్ రోడ్డు రవాణా ఉండే 49లో పడతాడు. సొంత ట్యాక్సీ పెట్టుకుని స్టాండ్‌లో నిలబడేవాడూ అదే 49. కోడ్ చూసి వాళ్లిద్దరినీ విడదీయలేరు. కాబట్టి "పీఎల్‌ఎఫ్‌ఎస్ డేటాతో తెలంగాణ గిగ్ వర్కర్ల విశ్లేషణ" అని సినాప్సిస్ రాసుకొచ్చేవాళ్లని నేను కూర్చోబెట్టి ముందు టీ ఇస్తాను.

చట్టాల గురించి క్లుప్తంగా. 2020 సామాజిక భద్రత కోడ్‌లో మొదటిసారి గిగ్ వర్కర్, ప్లాట్‌ఫామ్ వర్కర్ అన్న మాటలకు నిర్వచనాలొచ్చాయి, అది అమల్లోకి వచ్చింది మాత్రం 2025 నవంబర్ 21న. కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వర్కర్ల సామాజిక భద్రత నిధికి కట్టాలి, అది వర్కర్లకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకూడదు. రాజస్థాన్ 2023లోనే సొంత చట్టం చేసింది, కర్ణాటక 2025లో చేసింది, తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు బయటపెట్టి అభిప్రాయాలడిగింది. ఈ సంగతులు నెలనెలా మారుతున్నాయి, మీరు సబ్మిట్ చేసే వారం మళ్లీ ఒకసారి చూసుకోండి. ఒక్కటి మాత్రం గమనించండి: ఆ కోడ్ నిర్వచనం ప్రకారం గిగ్ వర్కరంటే యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట ఉన్నవాడు. అందుకే అతని విషయంలో కనీస వేతనం అన్న మాటే రాదు. గంటకు ఎంత మిగులుతుందో మీరు లెక్కగట్టడానికి అంత విలువ ఉండేది ఇక్కడే, ఎందుకంటే ఆ లెక్క కట్టమని ఏ చట్టమూ ఎవరినీ అడగడం లేదు.

ఎక్కడ, ఎప్పుడు, ఎలా పలకరించాలి

ఫుడ్ ఆర్డర్ చేసి, తెచ్చిన అబ్బాయిని గుమ్మం దగ్గర ఆపి ఇంటర్వ్యూ చేయడం, క్యాబ్ బుక్ చేసి దారి పొడవునా డ్రైవర్‌ని ప్రశ్నలడగడం చాలామంది చేస్తారు, పెద్ద పెద్ద పేపర్లలో కూడా మెథడ్ అని రాస్తారు. నాకిష్టం ఉండదు. అతను పనిలో ఉన్నాడు, మీ చేతిలో రేటింగ్ ఉంది, ఇక నిజం ఎందుకు చెప్తాడు? "అంతా బాగుంది మేడమ్" అంటాడు. పైగా ఆ అయిదు నిమిషాల్లో తర్వాతి ఆర్డర్ పోతే ఆ నష్టం అతనిదే.

మధ్యాహ్నం మూడు నుంచి అయిదున్నర వరకు మంచి టైమ్. రాత్రి పదకొండు తర్వాత కూడా మాట్లాడతారు కానీ అలసిపోయి ఉంటారు, ఒక్క మాటతో తేల్చేస్తారు. వాన పడే రోజు అస్సలు వెళ్లకండి, వాన పడితే ఆర్డర్లు బాగా పడతాయి, ఆ రోజు మీతో మాట్లాడటం అతనికి దండగ. ఫెస్టివల్ రోజులూ అంతే. టీ కొట్టు, పంక్చర్ షాపు, బ్యాటరీ బండ్లయితే బ్యాటరీలు మార్చుకునే చోటు, ఇవన్నీ మనుషులు ఆగే జాగాలు. పంక్చర్ షాపాయన్ని మంచి చేసుకోండి, ఏ బండి ఎన్నాళ్లకోసారి టైరు మారుస్తుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

హైదరాబాద్‌లో తెలుగు ఒక్కటే సరిపోదు. మహబూబ్‌నగర్, నల్గొండ నుంచి వచ్చినవాళ్లుంటారు, పాతబస్తీ వాళ్లుంటారు, ఒడిశా, బెంగాల్, బీహార్ నుంచి వచ్చినవాళ్లుంటారు. మీకు హిందీ రాకపోతే హిందీ వచ్చిన ఫ్రెండ్‌ని తీసుకెళ్లండి, అంతేగానీ తెలుగులో మాట్లాడేవాళ్లనే ఏరుకుని "హైదరాబాద్ రైడర్లు" అని రాయకండి. అమ్మాయిలు ఈ పనిలో తక్కువ, ఉన్నవాళ్లను వెతుక్కోవాలి. బాత్రూమ్ సంగతి వాళ్లని మీరే అడగాలి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

గంట కూర్చోబెడితే గంటకు డబ్బివ్వండి. "డేటా పాడవుతుంది" అని కొందరు గైడ్‌లు అంటారు. మనకు జీతమొస్తుంది, స్కాలర్‌షిప్ వస్తుంది, అతనికి ఆ గంట ఎవరిస్తారు? ఎంతిచ్చారో థీసిస్‌లో రాసేయండి, సరిపోతుంది.

అసలు లెక్క

మీకు కావాల్సిన సామాను తక్కువ: ఒక ఎక్సెల్ షీట్, ఒక వాట్సాప్ నంబర్, వారం రోజులు ఓపిగ్గా సహకరించే పది పదిహేను మంది. నాలుగు వందల మందిని ఒక్కసారి అడిగే సర్వే కన్నా పదిహేను మంది వారం డైరీ నాకు ఎక్కువ చెప్పింది. రెండూ చేయగలిగితే చేయండి, ముందు డైరీ, దాన్ని బట్టి సర్వే.

డైరీ అంటే అతను రాసేది కాదు. రాయమంటే రెండో రోజే ఆగిపోతుంది. పొద్దున ఇంట్లోంచి బండి తీసేటప్పుడు ఓడోమీటర్ ఫొటో ఒకటి వాట్సాప్ చేయాలి. రాత్రి బండి స్టాండ్ వేసినప్పుడు ఇంకోటి. ఫొటో వచ్చిన టైమే మీ టైమ్, అతను గడియారం చూసి చెప్పక్కర్లేదు. రాత్రి ఆ రోజు సంపాదన పేజీ స్క్రీన్‌షాట్. పెట్రోల్ కొట్టించినప్పుడల్లా "200" అని ఒక మెసేజ్, అంతే. పొద్దున మర్చిపోతే మీరు తిట్టకండి, "గుడ్ మార్నింగ్ తమ్ముడూ, మీటర్" అని పెట్టండి. ఓడోమీటర్ పనిచేయని బండ్లు చాలా ఉంటాయి, కేబుల్ తెగి ఏడాదైనా పట్టించుకోరు. అలాంటప్పుడు ఫోన్ మ్యాప్‌లో టైమ్‌లైన్ ఆన్ చేయించవచ్చు, కానీ అందులో అతని ఇల్లూ, తిరిగిన ప్రతి చోటూ రికార్డవుతాయి, అది మీకు చూపించడం అతనికి ఇష్టమో కాదో విడిగా అడగండి.

ఇప్పుడు ఒక రోజు తీసుకుందాం. ఇవి నేర్పడానికి నేను కూర్చిన అంకెలు, ఏ సర్వేలోవీ కావు.

పొద్దున పది గంటలకు మీటర్ 41,207. రాత్రి పదిన్నరకు 41,345. అంటే పన్నెండున్నర గంటలు, 138 కిలోమీటర్లు. యాప్‌లో మాత్రం కిలోమీటర్లు 92. మిగతా 46 ఎక్కడికి పోయాయి? ఇంటి నుంచి జోన్‌కి రావడం, దూరంగా ఎక్కడో డ్రాప్ చేసి ఖాళీగా తిరిగి రావడం, ఆర్డర్ పడే చోటు వెతుక్కుంటూ తిరగడం. పెట్రోల్‌కి మాత్రం ఏది కంపెనీ కిలోమీటరో ఏది కాదో తెలియదు. ఆ రోజు యాప్‌లో సంపాదన ఇన్సెంటివ్‌తో కలిపి 980 రూపాయలు. లాగిన్ పదకొండు గంటలు, ఆర్డర్ చేతిలో ఉన్న సమయం ఆరున్నర గంటలు.

ఖర్చులు. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే బండి, లీటరు 107న్నర అనుకుంటే పెట్రోల్ 330. ఆయిలు, బ్రేకులు, చైను, టైర్లు అన్నీ కలిపి కిలోమీటరుకు 60 పైసలు వేస్తే 83. ఫోన్ డేటా రోజుకు 12. ఇక బండి. ఇక్కడే గొడవ. నెలకు 3,600 ఈఎంఐ కడుతూ 26 రోజులు పనిచేస్తే రోజుకు 138. "ఈఎంఐ అయిపోయాక బండి వాడిదేగా, అదెలా ఖర్చవుతుంది" అని వైవాలో తప్పకుండా అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. సరే, ఈఎంఐ వదిలేసి అరుగుదల లెక్కవేద్దాం: 95 వేలకు కొన్న బండిని నాలుగేళ్లు, ఏడాదికి 300 రోజులు తిప్పి 25 వేలకు అమ్మితే 70 వేలు 1,200 రోజుల మీద పంచాలి, రోజుకు 58.

అరుగుదలతో అయితే మిగిలేది 497. ఈఎంఐతో అయితే 417. గంటకు మొదటిది దాదాపు 40, రెండోది 33.

ఇప్పుడు అదే మనిషి, అదే రోజు, ఖర్చులు తీయకుండా 980ని ఆర్డర్ చేతిలో ఉన్న ఆరున్నర గంటలతో భాగించండి. గంటకు 150! మూడు అంకెలూ నిజమే. ఏది రాయాలన్నది మీరు ఏ గంటల్ని పని అంటున్నారో దాన్ని బట్టి ఉంటుంది, ఆ నిర్ణయం మీరు చెప్పకుండా అంకె ఒక్కటే రాస్తే అది మోసం.

ఇదేదో మన సొంత చాదస్తం కాదు, దీని మీద కోర్టులు, ఎన్నికలు నడిచాయి. 2021 ఫిబ్రవరి 19న బ్రిటన్ సుప్రీంకోర్టు ఊబర్ డ్రైవర్లు సొంత వ్యాపారులు కాదు, వర్కర్లేనని తీర్పిచ్చినప్పుడు, యాప్ ఆన్ చేసుకుని ట్రిప్పు తీసుకోడానికి సిద్ధంగా ఉన్న సమయమంతా పనికిందే లెక్క అంది. కాలిఫోర్నియాలో 2020 నవంబర్‌లో జనం ఓటింగుతో నెగ్గిన ప్రపొజిషన్ 22 అనే యాప్ డ్రైవర్ల చట్టం మాత్రం కనీస వేతనానికి 120 శాతం హామీ ఇచ్చింది, కానీ ట్రిప్పులో ఉన్న సమయానికే. వినడానికి 120 శాతం పెద్దగా ఉంటుంది, కానీ అది ఎదురుచూసిన గంటలు తీసేశాక. మన షీట్లో ఉన్న 150కీ 40కీ తేడాలో చాలాభాగం ఈ వాదనే, మిగతాది ఖర్చులు.

కాబట్టి షీట్లో గంటలకు మూడు కాలమ్‌లు పెట్టండి: ఆర్డర్‌తో ఉన్నవి, లాగిన్‌లో ఉన్నవి, ఇల్లు వదిలి ఇల్లు చేరేవరకు. మధ్యాహ్నం రూమ్‌కెళ్లి గంట నిద్రపోయి వస్తే మూడో కాలమ్‌లోంచి అది తీసేయండి, లేకపోతే వైవాలో దొరికిపోతారు. టీ, భోజనం ఖర్చులో కలపకండి, ఎవరైనా తినాల్సిందే. బయట తినడం వల్ల ఇంటికన్నా ఎక్కువైంది అంటారా, విడిగా రాసుకోండి.

ప్రశ్న ఎలా అడిగారో దాన్నిబట్టే అంకె

2018లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ పరిశోధనా కేంద్రం ఒకటి ప్రచురించిన పేపర్‌లో కొందరు పరిశోధకులు అక్కడి క్యాబ్ యాప్‌లు ఊబర్, లిఫ్ట్‌ల డ్రైవర్లకు ఖర్చులు పోను గంటకు మధ్యస్థంగా 3.37 డాలర్లే మిగులుతుందని రాశారు. ప్రపంచమంతా హెడ్‌లైన్. ఊబర్ ఆర్థికవేత్త వెంటనే లేచాడు. సర్వేలో ఒక ప్రశ్న యాప్ పనుల మీద నెలకు ఎంత సంపాదిస్తారని, ఇంకో ప్రశ్న మీ మొత్తం ఆదాయంలో డ్రైవింగ్ వాటా ఎంత అని. మొదటిదానికి జనం తమ మొత్తం ఆదాయం చెప్పారో, యాప్ ఆదాయం చెప్పారో స్పష్టం కాదు. పరిశోధకులు మొదటి అంకెను రెండో ప్రశ్న వాటాతో తగ్గించారు. యాప్ ఆదాయమే చెప్పినవాళ్ల అంకె అలా అన్యాయంగా కుదించుకుపోయింది. ప్రధాన రచయిత తప్పు ఒప్పుకుని మళ్లీ లెక్కవేస్తే ఒక పద్ధతిలో 8.55, ఇంకో పద్ధతిలో 10 డాలర్లు వచ్చింది.

ఎంఐటీ ప్రచురించిన పేపర్‌కే అలా అయితే మన గూగుల్ ఫామ్ సంగతి చెప్పక్కర్లేదు. పైగా తెలుగులో ఇంకో చిక్కుంది. "సంపాదన" అంటే ఒకరికి యాప్ అంకె, ఇంకొకరికి ఇంటికి పంపింది. "ఎంత మిగుల్తది" అంటే ఈఎంఐ, రూమ్ రెంటు, ఇంటికి పంపిన డబ్బు అన్నీ పోయాక మిగిలింది చెప్తారు, అది ఒక్కోసారి సున్నా. అందుకే నేను మాట వదిలేసి పేజీ చూపించమంటాను. "నిన్నటి పేజీ చూపిస్తావా తమ్ముడూ?" నెల వద్దు, సగటు వద్దు. నిన్న. ఇంకా పాతది కావాలంటే మొన్న.

ఇంకో చిన్న విషయం, చాలామంది రెండు మూడు యాప్‌లు నడుపుతారు. ఒకదాంట్లో ఆర్డర్ లేనప్పుడు బైక్ ట్యాక్సీ. ఒక యాప్ పేజీ చూసి లెక్కవేస్తే గంటలన్నీ మీ షీట్లోకి వస్తాయి, డబ్బు మాత్రం సగమే వస్తుంది. అలాగే ఐడీ ఒకరిది, బండి నడిపేది ఇంకొకరు ఉంటారు. తమ్ముడికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి అన్న ఐడీ, లేదా బ్లాకయినవాడు ఫ్రెండ్ ఐడీకి వారానికింత ఇచ్చి నడపడం. ఇది వాళ్లు చెప్తే విని లెక్కలో వాడుకోండి, పేపర్లో మాత్రం ఏ ఏరియాయో ఎవరో తెలిసేలా రాయకండి. మీరు రాసింది వాళ్ల యాప్ కంపెనీ వాళ్లు కూడా చదువుతారు.

యాప్ చేసే మేనేజర్ పని

ఆటోమేషన్ అనగానే మనవాళ్లు రోబోలు, ఉద్యోగాలు పోవడం అని మొదలుపెడతారు. ఎవరి ఉద్యోగం పోయిందో చూడండి మరి. డెలివరీలో బండి నడిపేవాడి పని పోలేదు. పనులు పంచే సూపర్‌వైజర్, హాజరు వేసే గుమాస్తా, ఎందుకు లేటయిందని అడిగే మనిషి, ఈ పనులు యాప్‌లోకి వెళ్లాయి. ఎవరికి ఏ ఆర్డర్, దానికెంత, ఎప్పుడు ఇన్సెంటివ్, ఎవరి ఐడీ ఆపాలి, అన్నీ.

దీన్ని చదవాలంటే "అల్గారిథమ్ గురించి మీ అభిప్రాయం ఏంటి" అని అడగొద్దు (అడిగారు, నిజంగానే, ఒక పీహెచ్‌డీ అబ్బాయి). "లాస్ట్ టైమ్ ఐడీ బ్లాక్ అయినప్పుడు ఏమైంది?" అని అడగండి. ఏ రోజు, మెసేజ్‌లో ఏం రాసి ఉంది, ఎవరికి ఫోన్ చేశావు, చాట్‌లో మనిషొచ్చాడా మెషీనా, ఎన్ని రోజులు పట్టింది, ఆ రోజుల్లో ఇల్లెలా నడిచింది. ఒక్క సంఘటన మొదట్నుంచి చివరిదాకా.

2022లో పత్రికల్లో వచ్చిన ఒక కథనం గుర్తుంది. హైదరాబాద్‌లో ఒక క్యాబ్ డ్రైవర్, 2021 ఫిబ్రవరిలో, గుండు చేయించుకున్నాక రోజూలాగే యాప్‌లో సెల్ఫీ తీసుకుంటే అది అతనే అని యాప్ ఒప్పుకోలేదు, అకౌంట్ లాకయింది. తెలుగునాట గుండు ఎంత మామూలు విషయమో చెప్పాలా? పక్కన మనిషి మేనేజర్ ఉంటే "ఏం బాబూ, తిరుపతి వెళ్లొచ్చావా, ప్రసాదమేదీ?" అనేవాడు. ఆటోమేషన్ అంటే ఏంటో నేను క్లాసులో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

రేటు కార్డులు, అంటే దేనికి ఎంతిస్తారో కంపెనీ చెప్పే పట్టికలు, దాచిపెట్టండి. కంపెనీ మార్చినప్పుడల్లా పాతది యాప్‌లోంచి మాయమవుతుంది, రైడర్ల వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఉంటుంది. తేదీ, జోన్, స్క్రీన్‌షాట్, ఒక ఫోల్డర్. 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ చుట్టుపక్కల సరుకులు తెచ్చిచ్చే బ్లింకిట్ యాప్ రైడర్లు సమ్మె చేసింది ఆర్డరుకిచ్చే కనీస మొత్తం 25 నుంచి 15కి తగ్గిందనే. పాత కార్డు ఎవరి దగ్గరా లేకపోతే అలాంటి మార్పు మీద "తగ్గిందంటున్నారు" అనే రాయగలం, "తగ్గింది" అని రాయలేం.

కంపెనీ దగ్గరున్న డేటా అడిగి తీసుకునే దారి యూరప్‌లో ఉంది. అక్కడి డ్రైవర్లు డేటా రక్షణ చట్టం కింద ఊబర్, ఓలాల మీద కోర్టుకెళ్లారు, 2023 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ అప్పీల్ కోర్టు చాలావరకు డ్రైవర్ల పక్షాన తీర్పిచ్చింది. మనకూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, అవి దశలవారీగా అమలవుతాయి. అప్పటిదాకా స్క్రీన్‌షాటే మన ఆర్కైవ్.

వేరే రంగంలో ఆటోమేషన్ మీద చేసేవాళ్లకు కూడా సూత్రం ఇదే, ఉద్యోగాన్ని కాకుండా పనుల్ని లెక్కపెట్టండి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక టోల్ ప్లాజాలో డబ్బు తీసుకుని చిల్లరిచ్చే పని తగ్గింది, ట్యాగ్ చదవని బండి దగ్గరికి మిషన్ పట్టుకుని పరిగెత్తే పని, డ్రైవర్‌తో గొడవపడే పని కొత్తగా వచ్చాయి. వరికోత మిషన్ వచ్చిన ఊళ్లో కూడా కోతకు పోయే ఆడవాళ్ల పని దినాలు ఒకపక్క, మిషన్ డ్రైవర్‌కి వచ్చే సీజన్ డబ్బు ఇంకోపక్క రాయాలి. ఇంతకు మించి చెప్పను, వ్యవసాయం నా ఏరియా కాదు.

కంపెనీ మాట, యూనియన్ మాట

రెండూ వినండి, రెండూ లెక్కలో పెట్టకండి. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ లాంటివాళ్ల దగ్గరికి తప్పక వెళ్లండి, ఏ సమస్య ఎప్పుడు మొదలైందో వాళ్ల ఫైళ్లలో ఉంటుంది. కానీ వాళ్లు పరిచయం చేసినవాళ్లతోనే శాంపిల్ నింపితే యూనియన్‌కి ఫోన్ చేసేంత కష్టమొచ్చినవాళ్లే మీ థీసిస్‌లో ఉంటారు. 2025 డిసెంబర్ 31న దేశవ్యాప్తంగా యాప్ వర్కర్ల సమ్మె జరిగినప్పుడు యూనియన్లు భారీగా పాల్గొన్నారన్నాయి, జొమాటో నడిపే కంపెనీ అధినేత రికార్డు ఆర్డర్లు వెళ్లాయన్నాడు. ఎవరిది నిజమని నన్నడిగారు. రెండూ నిజం కావచ్చు. ఆ సాయంత్రం ఆర్డరుకు ఇచ్చే డబ్బు పెంచారన్న వార్తలొచ్చాయి. పొద్దున లాగౌట్ చేసినవాడే రాత్రి ఎనిమిదికి లాగిన్ అయ్యాడా? అయితే ఎందుకు? ఆ ప్రశ్న పట్టుకుని పది మందిని అడిగితే చాలు, ఒక పేపర్ అవుతుంది.

స్క్రీన్‌షాట్ల విషయంలో జాగ్రత్త. కస్టమర్ పేరు, ఫ్లాట్ నంబరు, రైడర్ ఐడీ అన్నీ ఉంటాయి. వచ్చిన రోజే కత్తిరించి, ఒరిజినల్ డిలీట్ చేసేయండి. వాట్సాప్ ఫొటోలు మీ గ్యాలరీలోకి, అక్కణ్నుంచి క్లౌడ్‌లోకి వాటంతటవే పోతాయి, ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. నేను ఆలస్యంగా ఆపాను. ఒప్పంద పత్రం తెలుగులో, హిందీలో అరపేజీ మించకుండా రాయండి, యూనివర్సిటీ ఇచ్చిన మూడు పేజీల ఇంగ్లిష్ ఫారం చూస్తే లోన్ పేపరనుకుంటారు. "మేడమ్ రాస్తే రేట్లు పెరుగుతయా?" అని అడుగుతారు. పెరగవని అక్కడే చెప్పేయండి.

వారం అయ్యాక షీట్ ఎవరిది వాళ్లకు చూపించండి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు, తప్పులు పట్టుకునేది వాళ్లే. కిందటేడు ఒకబ్బాయికి ఫోన్లోనే షీట్ తెరిచి, పెట్రోల్ ఇంత, సర్వీసింగ్ ఇంత అని ఒక్కో గడీ చూపిస్తూ పోతున్నాను. చివరి అంకె దాకా వచ్చేసరికి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోన్ నా చేతిలోంచి తీసుకుని వేలితో పైకీ కిందకీ జరిపి, "చలాన్లు ఏవి అక్కా?" అన్నాడు. రాంగ్ రూట్, నో పార్కింగ్, కిచెన్ ముందు బండి పెడితే ఫొటో కొట్టి పంపేవి. జేబులోంచి తన ఫోన్ తీసి పెండింగ్ చలాన్ల లిస్ట్ చూపించాడు, ఒక స్క్రీన్‌లో పట్టలేదు.

నా షీట్లో ఇప్పుడు ఆ కాలమ్ కూడా ఉంది. సర్వీసింగ్ పక్కన.